కాటా కంప్యూటరు టైము రోజూ వెనకబడుతోంది, బ్యాటరీ రెండుసార్లు మార్చాను

ఆటోనగర్ కాటా
గురువారం, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఒక లారీల కాటా దగ్గర పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. పొద్దున్న ఏడింటికి తీస్తాం, రాత్రి ఎనిమిదింటికి కట్టేస్తాం. ఆదివారం సెలవు. కంప్యూటరులో నాకు తెలిసింది కాటా సాఫ్ట్‌వేరు, చీటీ ప్రింటు, అంతే. అందుకని కాస్త విడమరిచి చెప్పండి.

మాది పాత కంప్యూటరు. జీ41 బోర్డు, విండోస్ 7. కొత్తది కొనుక్కోమనే సలహా మాత్రం వద్దండి. బరువు చూపించే ఇండికేటరు వైరు వెనకాల తొమ్మిది సూదులు ఉండే కామ్ పోర్టులోకే వెళ్తుంది. ఒకసారి కొత్త మెషీను తెచ్చి యూఎస్‌బీ కన్వర్టరు తగిలించి చూస్తే, పన్నెండు టన్నుల బండి నూట ఇరవై టన్నులు తూగింది. ఓనరు గారు దానికో దండం పెట్టి, అటక మీద పెట్టిన పాతదే దింపించారు.

ఇక జబ్బు సంగతి. రోజూ పొద్దున్న ఆన్ చేసేసరికి టైము ఇరవై నిమిషాలో, అరగంటో వెనక ఉంటోంది. ఫోను చూసి సరిచేస్తాను. రాత్రి కట్టేసే వరకు బాగానే నడుస్తుంది. తెల్లారితే మళ్లీ అదే కథ. సోమవారం అయితే గంటకి దగ్గర దగ్గర. తేదీ, సంవత్సరం మాత్రం ఎప్పుడూ చెడలేదు. నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని అడగడం కూడా ఎప్పుడూ లేదు.

కట్టేసినప్పుడు టైము నిలబెట్టేది లోపలి బ్యాటరీ అన్నారు. సీఆర్2032 బిళ్ల కొని వేశాను. వారం చూశాను, తేడా లేదు. డూప్లికేటు బిళ్లేమోనని ఈసారి కంపెనీది, అట్ట మీద తేదీ చూసి మరీ కొన్నాను. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే మూడు వోల్టుల పైనే ఉంది. అయినా టైము వెనకే.

అరగంట టైముకి ఇంత రాద్ధాంతమా అనుకుంటారేమో. మొన్న ఏం జరిగిందో వినండి. పొద్దున్నే ఒక టిప్పరు ఖాళీ బండి తూకానికి వచ్చింది. ఆ రోజు టైము సరిచేయడం మర్చిపోయాను. అసలు టైము ఏడూ నలభై, చీటీ మీద ఏడూ పద్నాలుగు పడింది. ఆ బండి బయల్దేరిన యార్డులో గేటు రిజిస్టరు మీద ఏడున్నర రాసి ఉంది. గేటు దాటకముందే కాటా ఎలా వేశావు, ఇది నిన్నటి చీటీ కాదా అని వాళ్లు డ్రైవరు కిరాయి ఆపేశారు. అతను నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఏటి బాబూ, నాను రాకముందే నా బండి తూసీసినావా?" అని అడిగాడు. నలుగురు డ్రైవర్ల ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తూనికలు కొలతల వాళ్లు వచ్చి కాటాకి ముద్ర వేసి వెళ్తారు. చీటీ మీద పడే టైముకి ముద్ర వేసేవాళ్లు ఎవరూ లేరు కదా.

ఇంకో సంగతి. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు. ఈ వానలు మొదలయ్యాక పొద్దున్న పవర్ బటన్ రెండు మూడుసార్లు నొక్కితే గానీ మెషీను లేవడం లేదు. ఒకసారి లేచాక రోజంతా ఏ గొడవా లేదు. ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా) ముసలిదైపోయిందనుకుంటున్నాను.

---

కంచరపాలెం కుర్చీ
గురువారం, మధ్యాహ్నం 3:05

అన్నా, బిళ్ల మూడు వోల్టులు చూపిస్తే మంచిదని కాదు, లోడు పడితే దిగిపోతుంది. మూడోది వేసి చూడు. లేదంటే వేడి. రేకుల కేబిన్ కదా, మన వైజాగ్ ఉక్కపోతకి మనుషులకే బుర్ర పనిచేయడం లేదు, లోపల గడియారాన్ని నడిపే క్రిస్టల్ ఎంత. వేడెక్కితే గడియారం నెమ్మదిస్తుందని చదివాను.

---

మధురవాడ బిట్లు
గురువారం, సాయంత్రం 4:20

ఇంత దూరం ఎందుకండీ. ఫోను నుంచి యూఎస్‌బీ వైరుతో నెట్ ఇవ్వండి. కింద టైము మీద నొక్కి, తేదీ సమయం మార్చే చోటికి వెళ్తే ఇంటర్నెట్ టైమ్ అని ట్యాబ్ ఉంటుంది. అందులో అప్‌డేట్ నౌ కొడితే క్షణంలో సరి. సర్వరు పేరు కూడా మార్చుకోవచ్చు. ప్రభుత్వానిదే ఉంది, సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్.

పనిలో పనిగా నాదో ప్రశ్న. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ రకం), విండోస్ రెండూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటోంది. నాదీ క్రిస్టలేనా?

---

హాట్ ఎయిర్ గన్
గురువారం, సాయంత్రం 5:45

ద్వారకానగర్‌లో బోర్డు రిపేరు పని నాది. ముందు బిట్లు తమ్ముడి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. సరిగ్గా ఐదున్నర గంటలు అంటే అది జబ్బు కాదు, గ్రీనిచ్‌కీ మనకీ ఉన్న తేడా. లినక్స్ బోర్డు గడియారంలో యూటీసీ, అంటే గ్రీనిచ్ టైము, రాసి పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుని చదువుతుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుకి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చెప్పు, ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు.

ఇప్పుడు కాటా అన్న సంగతి. కంప్యూటరులో గడియారాలు రెండు. ఒకటి బోర్డు మీది, ఆర్‌టీసీ అంటాం. మెషీను కట్టేసినా అది నడుస్తూనే ఉండాలి. దానికి 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. రెండుతో పదిహేనుసార్లు భాగిస్తే సరిగ్గా సెకనుకి ఒక దెబ్బ వస్తుందని ఆ అంకె పెట్టుకున్నారు. మీ గోడ గడియారంలో ఉండేదీ అదే జాతి. రెండోది విండోస్ నడిపే గడియారం. ఆన్ చేసినప్పుడు బోర్డు గడియారాన్ని ఒకసారి చూసి, అక్కడి నుంచి తన లెక్క తాను చూసుకుంటుంది. ఆ లెక్కకి ఆధారం వేరే క్రిస్టల్, మీ కాలం బోర్డుల్లో 14.318 మెగాహెర్ట్జ్‌ది. పగలు సరిగ్గా ఉండి పొద్దున్నకి వెనకబడుతోంది అంటే విండోస్ తప్పు లేదు. రాత్రి కాపలా ఉండేవాడు నిద్రపోతున్నాడు.

నెట్ నుంచి టైము తెచ్చుకుంటే తప్పేమీ లేదు. కానీ అది జ్వరానికి మాత్ర లాంటిది. పైగా విండోస్ 7 తనంతట తాను అడిగేది వారానికి ఒకసారే. తేడా పదిహేను గంటలు దాటిందంటే అసలు ముట్టుకోదు.

వేడి సంగతి కూడా చెప్పేస్తాను, మా షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది ఇదే అంటారు. ఈ క్రిస్టల్‌కి 25 డిగ్రీలు సుఖం. అటు చలి పెరిగినా ఇటు వేడి పెరిగినా నెమ్మదిస్తుంది, అది నిజమే. ఎంత నెమ్మదిస్తుంది? 45 డిగ్రీల దగ్గర పది లక్షలకి ఓ పద్నాలుగు వంతులు. రోజు మొత్తానికి సెకనున్నర కూడా కాదు. అరగంట పోవాలంటే కేబిన్ కాదు, కొలిమి కావాలి.

కాటా అన్నా, ఒక్కటి చెప్పండి. రాత్రి కట్టేసేటప్పుడు గోడ మీద స్విచ్చు కూడా ఆపేస్తారా? స్విచ్చు వేసి ఉంచితే ఎస్ఎంపీఎస్ నుంచి ఐదు వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి వస్తూనే ఉంటుంది. అప్పుడు గడియారం బిళ్ల మీద ఆధారపడదు. ఒక రాత్రి ఆపి, ఒక రాత్రి వేసి ఉంచండి. స్విచ్చు వేసిన రాత్రి టైము నిలిస్తే తప్పు బిళ్లది, లేదా బిళ్ల కూర్చునే చోటుది. అప్పుడూ పోతే తప్పు వేరే చోట ఉంది.

---

పాత రేడియో
గురువారం, సాయంత్రం 6:30

బాబూ, ఓడల్లో రేడియో ఆఫీసరుగా ఇరవై ఆరేళ్లు చేసి వచ్చి ఇప్పుడు చినవాల్తేరులో ఉంటున్నాను. నాకు మీ విండోస్ తెలియదు గానీ గడియారాలతో కాపురం చేశాను.

మీరు చేస్తున్న పొరపాటు ఒకటి కనిపిస్తోంది. రోజూ పొద్దున్నే టైము సరిచేసి, ఎంత తప్పిందో మర్చిపోతున్నారు. "ఇరవై నిమిషాలో, అరగంటో" అని రాశారు. ఆ "ఓ" లోనే జబ్బు దాక్కుంది. ఓడలో క్రోనోమీటరుకి, అంటే ఓడ గడియారానికి, రోజూ కీ ఇచ్చేవాళ్లం, ముల్లు మాత్రం ముట్టుకునేవాళ్లం కాదు. రేడియోలో టైము సిగ్నల్ పట్టి, ఈ రోజు ఇన్ని సెకన్లు వెనక అని పుస్తకంలో రాసేవాళ్లం. నాలుగు సెకన్లు లెక్క తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఓడ ఒక నాటికల్ మైలు పక్కన ఉన్నట్టు. వెనకబడటం పెద్ద తప్పు కాదు, రోజూ ఒకేలా వెనకబడుతుందా అన్నదే మాకు కావలసింది.

ఒక వారం గడియారం జోలికి వెళ్లకండి. చీటీ మీద అసలు టైము పెన్నుతో రాసి సంతకం పెట్టండి. పొద్దున్న తెరవగానే ఒకసారి, రాత్రి మూసే ముందు ఒకసారి ఎంత వెనక ఉందో రాయండి. వాన పడిందా, సెలవా, అదీ రాయండి.

పనిలేని ముసలాడి కబురు ఒకటి. మనం నమ్ముకున్న ఐఎస్‌టీ కూడా మన ఊరి టైము కాదు. దాని లెక్క 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ వైపు నుంచి పోతుంది. విశాఖ దానికి కొంచెం తూర్పున ఉంది కాబట్టి మన సూర్యుడు గడియారం కంటే సుమారు మూడు నిమిషాలు ముందే నడి నెత్తికి వస్తాడు. ఆ మూడు నిమిషాలకి ఎవరూ కిరాయి ఆపలేదు లెండి.

---

ఆటోనగర్ కాటా
మంగళవారం, ఉదయం 9:15

ఇద్దరు గురువులూ చెప్పినట్టే చేశాను. వారం అన్నారు గానీ ఐదు రోజులకే చీటీల మీద పెన్నుతో రాసి చెయ్యి పడిపోయింది. ఓనరు గారు "నువ్వు కంప్యూటరు ఆపరేటరువా, కరణానివా" అని అడిగారు. నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గురువారం రాత్రి ఎనిమిదింటికి ఫోనుతో సరిగ్గా కలిపాను. గోడ స్విచ్చు ఆపేసి ఇంటికి వెళ్లాను. శుక్రవారం పొద్దున్న 24 నిమిషాలు వెనక. శుక్రవారం రాత్రికి కూడా అదే 24, పగలు ఒక్క నిమిషం కూడా పోలేదు.

శుక్రవారం రాత్రి స్విచ్చు వేసే ఉంచాను. శనివారం పొద్దున్నకి మొత్తం 43. అంటే రాత్రికి 19 పోయాయి. శనివారం రాత్రి కూడా 43.

ఆదివారం సెలవు, స్విచ్చు వేసే ఉంది. సోమవారం పొద్దున్నకి గంటా నలభై ఒకటి. 35 గంటల్లో 58 నిమిషాలు పోయాయన్నమాట.

సోమవారం రాత్రంతా వాన కుమ్మేసింది. స్విచ్చు వేసే ఉంది. ఈ పొద్దున్న రెండు గంటలా పద్దెనిమిది. ఒక్క రాత్రిలో 37. ఇవాళ పవర్ బటన్ నాలుగుసార్లు నొక్కాను.

కుర్చీ తమ్ముడూ, మూడో బిళ్ల కొనను.

---

హాట్ ఎయిర్ గన్
మంగళవారం, ఉదయం 11:20

భలే రాశారన్నా. స్విచ్చు వేసి ఉన్నా పోతోంది కాబట్టి బిళ్ల నిర్దోషి, పాపం రెండుసార్లు శిక్ష పడింది. ఒక అనుమానం మాత్రం తీరాలి. పగలు విండోస్ సరిగ్గా చూపిస్తోంది, బోర్డు గడియారం కూడా పగలు సరిగ్గా నడుస్తోందా? ఈ రాత్రి కట్టేసే ముందు రీస్టార్ట్ చేసి, డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవక ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లండి. అక్కడ కనిపించే టైము బోర్డుదే. విండోస్‌ది ఎంతో అదే ఉందో లేదో చూడండి.

కేబిన్‌లో ఏసీ ఉందా? పగలు మాత్రమే వేస్తారా?

---

పాత రేడియో
మంగళవారం, మధ్యాహ్నం 12:40

బాబూ, మీ లెక్క చూసి పాత రోజులు గుర్తొచ్చాయి. పదకొండు గంటలంటే 660 నిమిషాలు. అందులో 24 పోతే నూటికి మూడున్నర పైచిలుకు. మంచి క్రిస్టల్ తప్పేది పది లక్షలకి ఓ ఇరవై, రోజుకి రెండు సెకన్ల లోపు. మీది దానికి పద్దెనిమిది వందల రెట్లు తప్పింది. క్రిస్టల్ ఎంత చెడినా ఇంత నెమ్మదిగా ఊగదు. అది రాయి, దాని కోత ఎంతో దాని ఊపు అంతే. పైగా ఒక రాత్రి 19, ఒక రాత్రి 24, వాన రాత్రి 37. నెమ్మదిగా నడిచే గడియారం ఇలా తలో రోజు తలో మాట చెప్పదు.

కాబట్టి మీ గడియారం నెమ్మదిగా నడవడం లేదు. ఆగుతోంది. ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఆగినంతసేపూ అంకెలు ఉన్నచోటే ఉంటాయి, పోవు, అందుకే తేదీ చెడలేదు.

ఎందుకు ఆగుతుందో హాట్ ఎయిర్ గారు చెప్పాలి. ఏసీ గురించి అడిగారంటే ఆయనకి ఇప్పటికే వాసన తగిలింది.

---

ఆటోనగర్ కాటా
మంగళవారం, రాత్రి 8:30

బయోస్‌లో చూశాను. విండోస్‌ది, దానిది ఒకటే. పగలు రెండూ కలిసే నడుస్తున్నాయి. ఏసీ ఉంది. ఎనిమిదింటికి మెషీనుతో పాటే కట్టేస్తాం. రాత్రంతా వేసి ఉంచనా అని ఓనరు గారిని అడిగాను. కరెంటు బిల్లు నీ జీతంలో కోసుకోనా అన్నారు.

---

హాట్ ఎయిర్ గన్
మంగళవారం, రాత్రి 9:00

ఏసీ వద్దులెండి. ఇంట్లో పాత నలభై వాట్ల బల్బు, లోపల తీగ ఎర్రగా కాలే రకం ఉంటే తీసుకెళ్లండి. కంప్యూటరు బల్ల కింద అరలోనే ఉంటుంది కదా, దాని పక్కన కాగితాలకీ వైర్లకీ తగలకుండా పెట్టి రాత్రంతా వెలిగించండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో హార్మోనియం, కెమెరా పెట్టే బీరువాల్లో ఇలాగే పెడతారు. గాలి కొంచెం వెచ్చగా ఉంటే చాలు, తేమ పట్టదు.

నా అనుమానం ఇది. ఆ క్రిస్టల్‌ని ఊపే కరెంటు సాలెపోగులాంటిది, మైక్రోవాట్ల లెక్క. దానికి అడ్డంగా పది మెగా ఓముల రెసిస్టరు పెడతారు. అంటే అక్కడ దాదాపు ఏ లీకేజీ ఉండకూడదు. దాని కాళ్ల మధ్య దుమ్మో ఉప్పో పేరుకుంటే, పొడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. తేమ తగిలిందా, ఆ మురికే వైరులా పనిచేసి ఊపుని తాగేస్తుంది. ఏసీ ఆగాక మన ఊరి రాత్రి గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా, ఉప్పు డబ్బా మూత తీసి చూస్తే చాలు.

ఇంకొకటి, మీరు సంబంధం లేదేమో అని రాసిన పవర్ బటన్. మీ బోర్డులో చిప్‌సెట్, అంటే బోర్డుని నడిపే ముఖ్యమైన చిప్పు, నిద్ర లేవాలంటే ముందు ఈ 32,768 దెబ్బలు దానికి వినపడాలి. ఆ క్షణాన క్రిస్టల్ ఆగి ఉంటే బటన్ ఎన్నిసార్లు నొక్కినా పలకదు. మా దగ్గరికి ఎస్ఎంపీఎస్ పోయిందని తెచ్చే బోర్డుల్లో ఇది అప్పుడప్పుడు తగులుతుంది. వాన రాత్రి తర్వాత నాలుగుసార్లు నొక్కానన్నారు చూడండి, నాకు అక్కడ దొరికింది.

---

ఆటోనగర్ కాటా
గురువారం, ఉదయం 7:25

మంగళవారం రాత్రి ఇంటి నుంచి మళ్లీ వెళ్లి బల్బు వెలిగించి వచ్చాను. బుధవారం పొద్దున్న టైము రెండు గంటలా పద్దెనిమిదే వెనక. ఒక్క నిమిషం కదల్లేదు. బటన్ ఒక్కసారికే లేచింది. నమ్మబుద్ధి కాక బుధవారం రాత్రి బల్బు ఆపేశాను. ఇవాళ పొద్దున్న రెండు గంటలా ముప్పై తొమ్మిది. 21 పోయాయి, బటన్ మూడుసార్లు.

వేడెక్కితే గడియారం నెమ్మదిస్తుందన్న కుర్చీ తమ్ముడికి ఈ బల్బు అంకితం. ఎప్పుడు తీసుకురమ్మంటారు?

---

హాట్ ఎయిర్ గన్
గురువారం, ఉదయం 10:10

ఆదివారం పదకొండింటికి. షట్టరు సగం దించి ఉంటుంది, వంగి లోపలికి వచ్చేయండి. మానిటరు వద్దు, డబ్బా ఒక్కటే చాలు.

---

ఆటోనగర్ కాటా
ఆ పై వారం బుధవారం, రాత్రి 8:50

ఆలస్యానికి క్షమించండి. మళ్లీ సరిగ్గా నడుస్తోందని రూఢి చేసుకున్నాకే రాద్దామని పది రోజులు ఆగాను.

ఆ ఆదివారం డబ్బాని గోనెసంచిలో చుట్టి, బండి మీద కాళ్ల మధ్య పెట్టుకుని ఎన్ఏడీ కూడలి మీదుగా వెళ్లాను. హాట్ ఎయిర్ గారు నాకంటే చిన్నవాడు, నేను ఏ అరవై ఏళ్లాయననో ఊహించుకున్నాను. పక్క మూత తీసి టార్చి వేయగానే ఆయన నవ్వడం మొదలుపెట్టారు. డబ్బా వెనకాల స్లాటు రేకు ఒకటి ఊడిపోయి ఉంది. పాత కార్డు తీసినప్పుడు ఎవరూ మూయలేదు. ఆ సందులోంచి దూరి ఒక బల్లి లోపల సంసారం పెట్టింది. పెంకులు పగిలిన గుడ్లు రెండు డ్రైవు కింద ఉన్నాయి. బిళ్ల పక్కన, సరిగ్గా ఆ క్రిస్టల్ మీద, దాని రెట్ట ఎండి తెల్లగా గట్టిపడి ఉంది. లారీల దుమ్ము దాని మీద పడి నల్లటి పెచ్చు కట్టింది.

క్రిస్టల్‌ని అప్పుడే మొదటిసారి చూశాను. బియ్యపు గింజంత వెండి గొట్టం, వెంట్రుకల్లాంటి రెండు కాళ్లు. ఇంతోటిదానికా నేను డ్రైవరు చేత మాట పడ్డాను అనిపించింది. ఒక కాలు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో మా అమ్మ పంచాంగం తీసి చెప్పేది. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి. గడియారం మీద పడితే ఏమవుతుందో అందులో లేదు, నేను రాయించాలి.

ఆయన ముందు కరెంటు తీసి, బిళ్ల తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దారు. పెచ్చు వదిలింది. అక్కడితో ఆపితే కూడా కొన్నాళ్లు నడుస్తుందట. కానీ చిలుం పట్టిన కాలు ఎప్పటికైనా ఊడుతుందని, క్రిస్టల్ కూడా మార్చేశారు. తన విడిభాగాల డబ్బాలో నాలుగైదు రకాలు ఉంటే వెతికి వెతికి ఒకటి తీశారు. అన్నీ 32,768వే అయినా పక్కనున్న కెపాసిటర్లకి తగ్గది పెట్టకపోతే రోజూ కొన్ని సెకన్లు అటో ఇటో లాగుతుందట. క్రిస్టల్‌కి పది రూపాయలు, పనికి మూడు వందలు తీసుకున్నారు. ఊడిన రేకు స్థానంలో పాత డబ్బాలోంచి ఒకటి తీసి, స్క్రూ బిగించి, డబ్బు వద్దన్నారు.

సోమవారం పొద్దున్న ఒక్క నొక్కుకి లేచింది. ఆ రోజు ఫోనుతో కలిపాను. అప్పటి నుంచి ముట్టుకోలేదు, గోడ స్విచ్చు రోజూ ఆపేస్తున్నాను, బల్బు ఇంటికి తీసుకెళ్లిపోయాను. మధ్యలో రెండు రాత్రులు గట్టి వాన కూడా పడింది. ఇవాళ చూస్తే ఆరు సెకన్లు వెనక.

ఆ టిప్పరు డ్రైవరు కోసం యార్డుకి నేనే వెళ్లాను. నోటు పుస్తకం చూపించి, పోయిన నిమిషాల లెక్క వివరించాను. అక్కడి సూపర్‌వైజరు సగం విని, బల్లి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాడు. కిరాయి ఇచ్చేశారు. డ్రైవరు ఇప్పుడు కాటా ఎక్కే ముందు తన ఫోను తీసి నా కిటికీలో పెడుతున్నాడు, టైము కలిసిందా అని. రోజూ చూపిస్తున్నాను, ఏం చేస్తాను.

---

పాత రేడియో
గురువారం, ఉదయం 6:15

పది రోజులకి ఆరు సెకన్లు. బావుంది. దాన్ని సరిచేయకండి, వచ్చే బుధవారం ఎంత ఉందో రాసి చెప్పండి.

---

మధురవాడ బిట్లు
గురువారం, ఉదయం 9:30

నాది సరిపోయింది, హాట్ ఎయిర్ అన్నకి థ్యాంక్స్. ఇంతకీ కాటా అన్నా, ఆ బల్లి ఏమైంది?

---

ఆటోనగర్ కాటా
గురువారం, మధ్యాహ్నం 1:40

ట్యూబులైటు వెనక ఉంది. ప్రింటరు మూత కూడా బిగించేశాను.